ఈ క్రిస్మస్‌కు పిల్లలకు ఒక పూట

సెమీ క్రిస్మస్ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం



డిసెంబరు వచ్చింది. ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతున్నాయి. క్యారల్స్ రౌండ్లకు డప్పులు, గిటార్లు సిద్ధమయ్యాయి. బజారుకు వెళ్లిన ప్రతి తల్లీ తండ్రీ ఒకే మాట అనుకుంటున్నారు: ఈసారి పిల్లలకు ఏం కొనాలి? ఈ సాయంత్రం మనం ఇంకో ప్రశ్న వేసుకుందాం. ఈ పండుగకు పిల్లల దగ్గర ఎంతసేపు ఉంటాం?

ముందే ఒక మాట చెప్పాలి. కొత్త బట్టలు, బొమ్మలు కొనడం తప్పని చెప్పడానికి మనం ఇక్కడ కూడుకోలేదు. మంచి బట్ట కడితే, కాళ్లకు చెప్పులు వేసుకుంటే ఊరు ఓర్వలేని రోజుల నుంచి వచ్చినవాళ్లు మనలో చాలామంది. అలాంటి ఇళ్లలో ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్ నాడు, పిల్లలకు కొత్త గుడ్డ తొడిగి తలెత్తుకుని గుడికి నడిపించుకుపోవడం ఒక ఆత్మగౌరవ ప్రకటన. ఆ కొత్త బట్టను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. మన మాట ఆ బట్ట గురించి కాదు. మనం లేని లోటును వస్తువుతో పూడ్చవచ్చని బజారు మనకు నేర్పుతోంది. మాట్లాడుకోవలసింది దాని గురించి.

మొదటి క్రిస్మస్‌ను సువార్తల్లో మళ్లీ చదవండి. దేవుడు లోకానికి ఒక వస్తువు పంపి ఊరుకోలేదు. తానే వచ్చాడు. ఆ బిడ్డ పేర్లలో ఒకటి ఇమ్మానుయేలు. దేవుడు మనతో ఉన్నాడని దాని అర్థం. పరిచర్య మొదలుపెట్టేసరికి యేసుకు ఇంచుమించు 30 ఏళ్లని లూకా 3వ అధ్యాయంలో ఉంది. అందులో ఎక్కువ కాలం నజరేతులో, ఒక ఇంట్లో, ఒక వీధిలో, మనుషుల మధ్యనే గడిచింది. బోధించడానికి, స్వస్థపరచడానికి ముందు ఆయన చేసిన పని మనుషులతో కలిసి ఉండడమే.

ఆ ఇల్లు ఉన్నవాళ్ల ఇల్లు కాదు. బిడ్డను దేవాలయానికి తీసుకువెళ్లినప్పుడు మరియ, యోసేపులు పక్షుల జతను అర్పించారు. గొర్రెపిల్లను తేలేనివాళ్లకు లేవీయకాండం 12వ అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. యోసేపు మాట ఒక్కటి కూడా సువార్తల్లో నమోదు కాలేదు. కానీ ఆయన ఎక్కడున్నాడో నమోదైంది. ప్రసవం దగ్గర ఉన్నాడు. హేరోదు చంపజూస్తే రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తు దారి పట్టాడు. నజరేతులో పని చేసుకుని బతికాడు. మత్తయి యేసును వడ్లవాని కుమారుడంటే, మార్కు యేసునే వడ్లవాడన్నాడు. తండ్రి పక్కన నిలబడి ఉలి పట్టకుండా ఆ పని చేతికి వస్తుందా? యోసేపు ఆ బిడ్డకు ఏ బొమ్మ చేసి ఇచ్చాడో మనకు తెలియదు. పని నేర్చుకునేంత కాలం పక్కన ఉంచుకున్నాడని మాత్రం తెలుస్తోంది.

మన నాటికల్లో తూర్పు జ్ఞానులకు మెరిసే అంగీలు, రంగు కాగితం చుట్టిన పెట్టెలు ఇస్తాం. కాపరి వేషం వేసిన పిల్లవాడికి ఒక దుప్పటి, ఒక కర్ర. లూకా సువార్త ప్రకారం ఆ రాత్రి తొట్టి దగ్గరకు పరుగున వచ్చింది కాపరులే. రాత్రి పనిలో ఉన్నవాళ్లు. వాళ్లు ఏ కానుక తెచ్చారో లూకా రాయలేదు. వచ్చారు, బిడ్డను చూశారు, తాము విన్నది చెప్పారు. అది రాస్తే చాలనుకున్నాడు.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. "పిల్లలకు టైమ్ ఇవ్వండి" అని వేదిక మీద నుంచి చెప్పడం తేలిక. ఆ టైమ్ ఎవరి చేతిలో ఉంది?

బెంగళూరులో రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వారిలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలు నిద్ర లేవకముందే వాళ్లు చీపురు పట్టుకుని వీధిలో ఉంటారు. పిల్లవాడికి పళ్లు తోమించి, జడలు వేసి, బడికి పంపేది పెద్దక్కో, ముసలి అవ్వో. పండుగ వెళ్లిన మర్నాడు చెత్త రెట్టింపవుతుంది. ఊరంతా తిని పారేసిన కేకు డబ్బాలు ఎత్తేది ఆ తల్లులే.

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తరాలుగా గనుల్లో బతికిన తమిళ, తెలుగు కుటుంబాలకు ఊళ్లో పని లేకుండా పోయింది. అప్పటి నుంచి వేలాదిమంది మారికుప్పం, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో రైలెక్కి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు రోజూ పనికి వెళ్లివస్తున్నారు. తెల్లవారకముందు వెళ్లిన తండ్రి చీకటి పడ్డాక తిరిగొస్తాడు. వారంలో ఆరు రోజులు ఆ బిడ్డకు తండ్రంటే నిద్రలో వినబడే తలుపు చప్పుడు.

షోలాపూరులో మన పద్మశాలి ఇళ్లను చూడండి. తల్లి ఇంట్లోనే ఉంటుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. వెయ్యి బీడీల లెక్కన కూలి. బిడ్డ పక్కనే కూర్చుని ఏదో చెబుతుంటే వింటుంది గాని, చెయ్యి ఆపి మొహంలోకి చూడడానికి వీలుండదు. చూస్తే లెక్క తగ్గుతుంది. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్లలో మగవాళ్లు వేరే రాష్ట్రాల రేవుల్లో పడవ పనికి వెళ్లి నెలల తరబడి రారు. యానాం చుట్టుపక్కల గోదావరి పల్లెల నుంచి కువైట్‌కు వెళ్లి ఇళ్లలో పనిచేసే తల్లులున్నారు. వాళ్లు అక్కడ వేరేవాళ్ల పిల్లలకు అన్నం తినిపిస్తుంటే, ఇక్కడ వాళ్ల పిల్లలకు అమ్మమ్మ తినిపిస్తుంది. క్రిస్మస్‌కు పార్శిల్ వస్తుంది. అందులో చాక్లెట్లు, బొమ్మలు, సెంటు సీసాలు ఉంటాయి. ఆ పార్శిల్ సర్దిన తల్లి ఎంత ఏడ్చి ఉంటుందో మనకు తెలుసు. ఆమెను చూసి "బహుమానాలు వద్దమ్మా, టైమ్ ఇవ్వు" అనడం క్రూరత్వం. రాలేని తల్లికి ఆ పెట్టె ఒక్కటే మిగిలిన భాష.

కాబట్టి పిల్లలతో గడిపే సమయం ఒక్కో ఇంటి మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు. అది కూలికి, సెలవుకు, పని గంటలకు సంబంధించిన న్యాయం.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. బొంబాయిలో తెల్లదొరల ఆఫీసులకు ఆదివారం సెలవుండేది, మిల్లు కూలీలకు లేదు. మహాత్మా ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టి ఏళ్ల తరబడి అడిగితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఫూలే స్థాపించిన సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచినవారిలో బొంబాయిలో స్థిరపడిన తెలుగు కామాటీలూ ఉన్నారు. ఈరోజు మనం ఆదివారం పిల్లల చెయ్యి పట్టుకుని గుడికి వెళ్తున్నామంటే, ఆ సెలవు వెనుక క్రైస్తవులు కాని కార్మికుల చెమట కూడా ఉందని మరువకూడదు. 1942లో వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చేపట్టిన డాక్టర్ అంబేడ్కర్ పని గంటల తగ్గింపు కోసం పాటుపడ్డారు. ఆయన హయాంలోనే, 1946లో, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. ఆ 6 గంటలు ఎన్ని లక్షల ఇళ్లకు అమ్మానాన్నలను తిరిగి ఇచ్చాయో ఆలోచించండి.

ఇప్పుడు గడియారం ముల్లును వెనక్కి తిప్పుతున్నారు. 2023లో కర్ణాటక ప్రభుత్వం వారానికి 48 గంటలు దాటకుండానే రోజుకు 12 గంటల వరకు పని చేయించుకునేలా ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ కూడా అలాంటి బిల్లునే ఆమోదించింది. కార్మిక సంఘాలు తిరగబడితే మే డే నాడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించారు. వారం మొత్తం లెక్క మారలేదు కదా అని కొందరంటారు. పిల్లలు వారం లెక్కన పెరగరు. 12 గంటల పని, పోను రాను మరో రెండు మూడు గంటలు. ఆ రోజున బిడ్డకు తల్లి లేనట్టే.

ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞను గమనించండి. నీవు మాత్రమే కాదు, నీ పనివాడూ పనికత్తే కూడా నీలాగే విశ్రమించాలని దేవుడు ఆజ్ఞాపించాడు. కారణం కూడా చెప్పాడు: మీరూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసలే. విశ్రాంతి యజమాని దయ కాదు. బానిసత్వం నుంచి బయటపడ్డ ప్రజల హక్కు. పిల్లలకూ అలాంటి హక్కే ఉంది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, తీరికను, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో దానికి ఒప్పుకుంది.

ఇప్పుడు బహుమానం ధరను ఇంకో విధంగా లెక్క వేద్దాం. రోజుకు 500 రూపాయలు సంపాదించే తల్లి కొడుకు పోరు పడలేక 12,000 రూపాయల ఫోను వాయిదాల మీద కొందనుకోండి. అది 24 రోజుల కూలి. అద్దె, బియ్యం, ఫీజులు పోగా రోజుకు 100 రూపాయలు మిగిలినా బాకీ తీరడానికి 120 పనిరోజులు పడుతుంది. అంటే వేసవి సెలవుల దాకా. అంతవరకూ మేస్త్రీ ఓవర్‌టైమ్ అంటే కాదనలేదు. ఆదివారం పని ఉందంటే మానలేదు. క్రిస్మస్ నాడు బిడ్డ చేతికి ఫోను వచ్చింది, వేసవి దాకా అమ్మ దూరమైంది. ఆ ఫోను చేతికి వచ్చాక బిడ్డ కూడా అమ్మకు దూరమవుతాడు. రెండు వైపులా నష్టమే. ఏదైనా కొనేముందు రూపాయల్లో కాకుండా రోజుల్లో లెక్క వేయండి. గ్రూపు లోను తీసి పండుగ చేసుకునే ఇళ్లకు ఈ లెక్క మరీ అవసరం.

సంఘంగా మనల్ని మనం కూడా అడుగుదాం. తల్లిదండ్రుల సమయాన్ని యజమాని, మేస్త్రీ, రైలు తినేయగా మిగిలిన కాస్తనూ డిసెంబరులో తీసుకుంటున్నది ఎవరు? సంఘమే. సెమీ క్రిస్మస్‌లు, యువజనుల క్రిస్మస్, స్త్రీల సమాజం క్రిస్మస్, అర్ధరాత్రి దాటే క్యారల్స్, కమిటీ మీటింగులు. ముఖ్య అతిథులు మాట్లాడుతూనే ఉంటారు, పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోతారు. లేచి అటూ ఇటూ తిరిగితే ఎవరో ఒక పెద్దమనిషి కన్నెర్ర చేస్తాడు. మార్కు 10వ అధ్యాయంలో శిష్యులు చేసింది ఇదే. పిల్లలను తెచ్చినవాళ్లను గదిమారు. యేసు కోపగించుకున్నాడు. శిష్యుల మీద ఆయన కోపపడ్డాడని సువార్తలు చెప్పే సందర్భాలు ఎక్కువ లేవు. ఇది అందులో ఒకటి. తర్వాత పిల్లలను ఎత్తుకుని, తల మీద చెయ్యి వేసి దీవించాడు. వాళ్లకు ఏమీ ఇచ్చి పంపలేదు. తన ఒడిలో కాసేపు ఉంచుకున్నాడు.

లూకా 2వ అధ్యాయం చివర్లో ఇంకో సంగతి ఉంది. పండుగకు యెరూషలేము వెళ్లి తిరిగి వస్తూ మరియ, యోసేపులు పన్నెండేళ్ల యేసు గుంపులో ఉన్నాడనుకుని ఒక రోజు ప్రయాణం చేశారు. బంధువుల్లో, తెలిసినవాళ్లలో వెతికితే కనబడలేదు. మూడు రోజులకు దొరికాడు. గుంపులో ఉన్నాడులే అనుకోవడం మనకూ అలవాటే. సండే స్కూల్లో ఉన్నాడులే, ట్యూషన్‌లో ఉందిలే, గదిలో ఫోను చూసుకుంటున్నాడులే. అలా అనుకుంటూ మనం ఎన్ని రోజుల ప్రయాణం చేసేశామో! మరియ, యోసేపులు మాత్రం లేడని తెలియగానే వెనక్కి తిరిగారు. ఆ తిరగడం నేర్చుకుందాం.

మరి సమయం ఇవ్వడమంటే ఏమిటి? ఎదురుగా కూర్చోబెట్టి మార్కుల గురించి క్లాసు పీకడం కాదు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం పిల్లలతో మాట్లాడడానికి నాలుగు వేళలు చెబుతుంది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఇందులో దేనికీ డబ్బు అక్కర్లేదు. అరిసెలు వత్తేటప్పుడు పిల్లవాడికీ ఒక ముద్ద ఇవ్వండి. వంకరగా వస్తే రానీయండి. వెదురు పుల్లలు, రంగు కాగితాలు తెచ్చి ఇంట్లోనే నక్షత్రం కట్టండి. జిగురు చేతులకంటుకుని నవ్వుకునే ఆ గంట కొన్న నక్షత్రంలో దొరకదు. గుడికి బండి మీద కాకుండా నడిచి వెళ్లండి. పడుకోబోయే ముందు, ఈ ఊరికి మన తాతలు ఎక్కడి నుంచి, ఏ పని కోసం వచ్చారో చెప్పండి.

ఆ చివరి మాట మనలాంటి ప్రవాస తెలుగువాళ్లకు ఇంకా ముఖ్యం. మన పిల్లలు బడిలో కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా చదువుతున్నారు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. ఆ భాషలన్నీ నేర్చుకోవలసినవే, ప్రేమించవలసినవే. కానీ తెలుగు బైబిలు చదవడం, తెలుగు కీర్తన పాడడం ఇప్పుడు అవ్వ నోటి నుంచి, అమ్మ నోటి నుంచి మాత్రమే వస్తుంది. ఏ దుకాణంలోనూ అమ్మే వస్తువు కాదది. రోజుకు పావుగంట ఒడిలో కూర్చోబెట్టుకుంటేనే చేరుతుంది.

యౌవనస్థులారా, మాకింకా పిల్లలు లేరు కదా, ఈ ప్రసంగం మాకెందుకు అనుకోకండి. మీ సంఘంలో తల్లి కువైట్‌లో, తండ్రి పడవ మీద ఉన్న పిల్లలు ఎవరో మీకు తెలుసు. వాళ్లకు అన్న, అక్క కావలసింది మీరే. రీల్స్‌కు పోతున్న గంటలో సగం వాళ్లకిస్తే చాలు.

ఈ డిసెంబరులో చేయగలిగినవి నాలుగు చెప్పి ముగిస్తాం.

ఒకటి, ప్రతి సంఘం డిసెంబరు మూడో వారంలో ఒక సాయంత్రాన్ని పూర్తిగా ఖాళీగా ఉంచాలి. ఏ కూడికా పెట్టకూడదు. ఆ పూట ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండాలని ఆదివారం ఆరాధనలోనే ప్రకటించాలి. మిగతా కార్యక్రమాలను రాత్రి 8 గంటలకల్లా ముగించాలి.

రెండు, పండుగ రోజున డ్యూటీ పడే ఆస్పత్రి ఆయాలు, సెక్యూరిటీ గార్డులు, పారిశుధ్య కార్మికులు మన సంఘంలో ఎవరెవరున్నారో యువజనులు పేర్లు రాయాలి. పని చోట్ల హిందూ, ముస్లిం తోటివాళ్లతో మాట్లాడి డ్యూటీలు మార్చుకునేలా చూడాలి. దీపావళికి, రంజాన్‌కు మనం వాళ్ల డ్యూటీ చేద్దాం, క్రిస్మస్‌కు వాళ్లు మనది చేస్తారు. వాళ్ల పిల్లలకూ పండుగ నాడు అమ్మానాన్నలు కావాలి కదా.

మూడు, సెలవు దొరకని ఇళ్లకు క్యారల్స్ రౌండుతో పాటు మనుషులను పంపాలి. రెండు పాటలు పాడి కానుక కవరు తీసుకుని వచ్చేయకుండా, ఇద్దరు ఆగి ఆ పిల్లలతో భోంచేసి రావాలి. గల్ఫ్‌లో ఉన్న తల్లికి ఫోను కలిపి, నాటికలో తన బిడ్డ వేసిన కాపరి వేషాన్ని చూపించాలి.

నాలుగు, వారపు సెలవు కోసం, ఎనిమిది గంటల పని కోసం, పర్మనెంట్ ఉద్యోగం కోసం జరిగే పోరాటాల్లో సంఘం నిలబడాలి. 2022 జులైలో బెంగళూరు పౌరకార్మికులు పర్మనెంట్ చేయమని పని ఆపి రోడ్డెక్కారు. పర్మనెంట్ అంటే జీతం ఒక్కటే కాదు. జ్వరం వచ్చిన బిడ్డ పక్కన కూర్చోగలిగే సెలవు కూడా. ఈసారి అలాంటి ధర్నా జరిగినప్పుడు వాళ్ల పక్కన మన బైబిలు, మన పాట, మన మంచినీళ్ల బిందె ఉండాలి. బాలయేసు పండుగను ఆచరించే సంఘానికి అది పరాయి పని కాదు.

మన మధ్య నివసించడానికి వచ్చిన ప్రభువు ప్రతి ఇంట్లో తల్లినీ తండ్రినీ పిల్లల దగ్గరకు చేర్చును గాక. ఆ దారికి అడ్డుపడే అన్యాయాన్ని ఎదిరించే బలం మనకు దయచేయును గాక. ఆమెన్.